తుంగభద్ర ఆయకట్టుకు తరలిపోదలచిన రైతులకు కొన్ని సూచనలు
(రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఎరువుల గురించి, తెగుళ్ళ గురించి మీతో ఎన్నోసార్లు మాట్లాడాను. ఈనాడు వేరొక సంగతి చెప్పదలచాను. తరగతులు ముగిసి అందరూ లేచిన తరువాత ఎవరో ఒక రైతు నన్ను పక్కకు పిలిచి, "మేష్టారూ, ఇక్కడి ఎకరమున్నర అమ్మేసి గంగావతి, సింధనూరు వైపు పోతే నాలుగెకరాల దాకా వస్తుందంటున్నారు. ఇంటి ఖర్చు కూడా తక్కువేనట. పోవచ్చునంటారా?" అని అడగడం పరిపాటి అయినది. నలుగురిలో అడగడానికి మొగమాటపడే ప్రశ్న ఇది. పుట్టిన ఊరు విడిచిపెట్టే మాట గనుక అది సహజమే. అందుచేత ఆ ప్రశ్నకు నాకు తెలిసినంతలో అందరి ముందు జవాబు చెప్పుతాను.

నాకు ఆ ప్రాంతం కొత్త కాదు. మా అమ్మగారు పుట్టి పెరిగినది గంగావతి దగ్గర ఒక క్యాంపులో. నా చిన్ననాటి వేసవి సెలవులన్నీ అక్కడనే గడిచినవి. కావున నేను చెప్పేది కొంత చదివినది, కొంత కళ్ళారా చూచినది.

మనవారు అక్కడికి ఎట్లు చేరిరి?

తుంగభద్ర ఆనకట్టకు 1945లో శంకుస్థాపన జరిగినది. 1953లో జలాశయంలో నీరు నిలిపిరి. అప్పటికి ఎడమ గట్టు హైదరాబాదు రాష్ట్రంలోనూ, కుడి గట్టు మద్రాసు రాష్ట్రంలోనూ ఉండేవి. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరినది. ఆ రాష్ట్రానికే 1973లో కర్ణాటక అని పేరు మారినది. ఎడమ గట్టు కాలువ 227 కిలోమీటర్లు పారుతూ నేటి కొప్పళ, రాయచూరు జిల్లాలలో సుమారు 6 లక్షల ఎకరాల ఆయకట్టుకు నీరందించేటట్లు నిర్మించబడినది.

అక్కడి రైతులు తరతరాలుగా జొన్న, ప్రత్తి, శనగ పండించిన మెట్ట సేద్యగాళ్ళు. కాలువ వచ్చేసరికి పొలం చదును చేసి, గట్లు వేసి, దమ్ము చేసి వరి నాటడం వారికి అలవాటులేని పని. పెట్టుబడి కూడా లేదు. కృష్ణా, గోదావరి డెల్టాలలో ఆ పని తెలిసిన రైతులు ఉన్నారు గాని వారికి భూమి చాలదు. అందుచేత 1950ల నుండి మనవారు ఇక్కడ కొద్దిపాటి మాగాణి అమ్మి, అక్కడ దానికి ఎన్నో రెట్లు భూమి కొని, పొలాల మధ్యనే గుడిసెలు వేసుకొని ఉండిపోయిరి. ఆ గుడిసెల గుంపులకే క్యాంపులని పేరు వచ్చినది. గుడిసెలు పోయి డాబాలు వచ్చినా ఆ పేరు పోలేదు. గంగావతి, కారటగి, సింధనూరులలో నేడు కనిపించే బియ్యపు మిల్లుల వెనుక వారి కష్టం చాలా ఉన్నది. అయితే ఆనాడు భూమి చౌకగా అమ్మిన స్థానిక కుటుంబాలు కూడా ఉన్నవి. వారిలో కొందరు తమ పొలంలోనే కూలికి పోవలసి వచ్చినది. ఈ సంగతి మనవారు మరువరాదు.

ఇద్దరు అన్నదమ్ములు

మా తాతగారు, ఆయన తమ్ముడు గుడివాడ ప్రాంతం నుండి 1969లో బయలుదేరిరి. చెరి రెండున్నర ఎకరాలు అమ్మిరి. తాతగారు కాలువ మొదటి భాగంలో 8 ఎకరాలు కొన్నారు. చిన్న తాతగారు అదే డబ్బుతో మాన్వి వైపు, ఉపకాలువ చివరన 14 ఎకరాలు కొన్నారు. బంధువులందరూ చిన్నవాడే తెలివైనవాడు అన్నారట.

మొదటి రెండు సంవత్సరాలు ఇద్దరికీ పండినది. మూడవ ఏట చిన్న తాతగారి వరి సరిగా పొట్ట దశలో ఉండగా కాలువలో నీరు ఆగిపోయినది. ఎగువ రైతులందరూ వరి నాటడం వలన చివరకు చుక్క రాలేదు. 14 ఎకరాలు ఎండినది. ఆ ఏడు చిన్న నాయనమ్మ మెడలో పుస్తెలు తప్ప బంగారమేమీ మిగలలేదు. తిరిగి వచ్చేద్దామంటే ఇక్కడ అమ్ముకున్న పొలం ధర అప్పటికే వారికి అందకుండా పోయినది. పక్క పొలం స్థానిక రైతు ఒకరు, "ఈ కాలువను నమ్మి వరి వేయకు. రెండు తడులు వస్తే చాలు అనుకొని జొన్న, ప్రత్తి వేయి" అని చెప్పి, విత్తనం కూడా తానే ఇచ్చినాడట. ఆ మాట వినడం వలన చిన్న తాతగారు నిలబడినారు.

మరి తాతగారో? ఏటా రెండు కార్లు వరి పండించినారు. ఇరవై సంవత్సరాలు ఆయనకు ఎదురు లేదు. 1990లు వచ్చేసరికి పల్లంగా ఉన్న మూడెకరాలలో వేసవిలో సున్నం చల్లినట్లు తెల్లని పొర లేవసాగినది. ఎకరానికి 30 బస్తాలు పండే మడిలో 12 బస్తాలకు దిగినది. మా మేనమామలు మురుగు కాలువ తవ్వించి, కొన్నేళ్ళు కష్టపడి, ఆ భూమిని సగం వరకు బాగుచేసికొన్నారు. చిన్న తాతగారి నల్లరేగడి నేటికీ చెక్కుచెదరలేదు.

ఒకే సంవత్సరం, ఒకే డబ్బుతో కొన్న భూములివి. ఒకచోట నీరు చాలక, మరొకచోట నీరు ఎక్కువై నష్టం వచ్చినది. కొన్ననాడు ఇద్దరూ ఎకరాలే లెక్కపెట్టిరి. ఏ భూమి అయినా చౌకగా దొరికితే, ఎందుకు చౌక అన్న ప్రశ్నకు జవాబు దొరికేవరకు బయానా ఇవ్వకండి. నేను చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే.

నీటిని గురించి తెలిసికొనవలసినవి

ఆ ప్రాంతంలో సాలుకు సగటున 600 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. డెల్టాలో మనకు పడే వానలో ఇది మూడింట రెండు వంతులు కూడా ఉండదు. కనుక కాలువ నీరు రాని ఏడు ఆ భూమి మెట్ట భూమే.

ఎడమ కాలువను ముఖ్యంగా ఆరుతడి పంటల కొరకే రూపొందించారు. ఏ సర్వే నంబరుకు ఏ పంటకు నీరివ్వవలెనో ముందుగా నిర్ణయించారు. దీనినే లోకలైజేషను అంటారు. అందులో వరికి, చెరకుకు కేటాయించిన భాగం తక్కువ. వరికి ఒక పంటకు సుమారు 1200 మిల్లీమీటర్ల నీరు కావలెను. జొన్నకు 450 నుండి 500 చాలును. ఎగువన ఒక ఎకరం జొన్న బదులు వరి వేస్తే దిగువన ఎకరానికి పైగా నీరు లేకుండా పోతుందన్నమాట. కాలువ చివరి రైతుల కష్టానికి మూలం ఇక్కడ ఉన్నది. మీరు కొనబోయే నంబరు ఏ పంటకు లోకలైజు అయినదో నీటిపారుదల కార్యాలయంలో అడిగి వ్రాసికొనండి. అమ్మేవారు "వరి పండుతున్నది కదా, కనబడటం లేదా?" అంటారు. పండుతున్నది నిజమే కావచ్చు. దానికి హక్కు ఉన్నదా అన్నది వేరే ప్రశ్న.

జలాశయం కూడా వెనుకటిది కాదు. మొదట 133 టి.ఎం.సి.ల నీరు పట్టేది. పూడిక వలన అది సుమారు 105 టి.ఎం.సి.లకు తగ్గినది. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి 19వ నంబరు గేటు కొట్టుకొనిపోయి, నిండిన జలాశయం నుండి ఎంతో నీరు నదిపాలైనది. ఇంజనీర్లు శ్రమించి తాత్కాలిక అడ్డు వేసి మిగిలిన నీటిని నిలిపిరి. తరువాత మొత్తం 33 గేట్లు మార్చవలసి వచ్చి, ఆ పని కోసం 2025-26లో రెండవ పంటకు నీరివ్వరాదని నిర్ణయించారు. రెండు పంటల రాబడి లెక్కవేసి అప్పు చేసి భూమి కొన్నవారి సంగతి ఆలోచించండి. మీ లెక్క ఎప్పుడూ ఒక పంట మీదనే వేయండి. రెండవది వస్తే అది లాభం.

నేలను గురించి తెలిసికొనవలసినవి

నల్లరేగడి నీటిని త్వరగా కిందికి దిగనివ్వదు. ఎగువ మళ్ళలో సంవత్సరమంతా నీరు నిలిస్తే అది భూమిలోనే నడచి పల్లానికి చేరుతుంది. అక్కడ నీటి మట్టం పైకి వచ్చి, ఎండకు నీరు ఆవిరై, ఉప్పు పైన మిగులుతుంది. ఈ విధంగా తుంగభద్ర ఆయకట్టులో వేలాది ఎకరాలు చౌడు బారినవి. గంగావతి వ్యవసాయ పరిశోధనా స్థానంలో ఈ చౌడు సమస్యపై ఎంతోకాలంగా పరిశోధన జరుగుతున్నది. అక్కడికి పోయినవారు ఆ స్థానానికి వెళ్ళి సలహా తీసికొనడం మంచిది.

పొలాన్ని పంట మీద చూడవద్దు. పచ్చని పైరు కింద చౌడు కనబడదు. ఏప్రిల్, మే నెలలలో, మడి ఎండి ఉన్నప్పుడు చూడండి. తెల్లని పొర గాని, తడిసి ఆరినట్లుండే నల్లని జిడ్డు మచ్చలు గాని ఉన్నవేమో గమనించండి. పల్లపు మూల మీటరు లోతు గొయ్యి తవ్వించి, ఒక రాత్రి వదలి, తెల్లవారి నీరు ఊరినదేమో చూడండి. పై అడుగు మట్టి, కింది అడుగు మట్టి వేరువేరుగా తీసి పరీక్ష చేయించండి. లవణ సూచిక, అనగా ఇ.సి., 4 దాటితే అది ఉప్పు చౌడు. దానికి మురుగు కాలువ, మంచినీటితో కడుగుట తప్ప వేరే మందు లేదు. ఉదజని సూచిక 8.5 దాటి, సోడియం శాతం 15 మించితే అది కారుచౌడు. దానికి జిప్సం వేయవలెను, మురుగూ తీయవలెను. జిప్సం ఒక్కటే వేస్తే చాలునని ఎవరైనా చెప్పితే నమ్మవద్దు. నీరు బయటకు పోయే దారి లేని చేలో ఉప్పు ఎక్కడికి పోతుంది?

కాగితాలు

మన అడంగలు వంటిది అక్కడ పహణి. దానిలో విస్తీర్ణం ఎకరాలు, గుంటలలో ఉంటుంది. 40 గుంటలు ఒక ఎకరం. ఒక గుంట రెండున్నర సెంట్లు. కనుక పహణిలో 2-20 అని ఉంటే అది రెండెకరాల ఇరవై సెంట్లు కాదు, రెండున్నర ఎకరాలు. అదే పహణిలో ఖరాబు అని ఒక అంకె ఉంటుంది. అది సాగుకు లెక్కలోకి రాని భాగం. అందులో 'బి' ఖరాబు అంటే దారి, వాగు వంటి ప్రజల ఆస్తి. దానికి డబ్బు చెల్లించవద్దు. సర్వే నంబరులో కొంత భాగమే కొంటుంటే రిజిస్ట్రేషనుకు ముందు 11ఇ నక్ష కావలెను. అమ్మేవారు ఆ నక్ష తీయించకుండా తొందరపెడితే అనుమానించండి.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇంకొకటి ఉన్నది. షెడ్యూల్డు కులాల, తెగల వారికి ప్రభుత్వం ఇచ్చిన భూమిని ప్రభుత్వ అనుమతి లేకుండా కొనరాదని కర్ణాటకలో 1978 నాటి చట్టం ఉన్నది. అటువంటి కొనుగోలు చెల్లదు. భూమి తిరిగి ఆ కుటుంబానికే పోతుంది. 2023లో ఆ చట్టాన్ని సవరించారు గనుక, ఇన్నేళ్ళు గడచిపోయినవి గదా అన్న వాదనను నమ్ముకొని కొనవద్దు. అది పేదల రక్షణకు చేసిన న్యాయమైన చట్టం. మధ్యవర్తులు ఇటువంటి భూమినే చౌకగా చూపిస్తారు. ఈ భూమి మొదట ఎవరికి, ఎట్లు వచ్చినదో పాత దస్తావేజులు తీయించి చదివించండి. కన్నడ లిపి మన లిపికి దగ్గరే గాని, చదవగలిగినంత మాత్రాన అర్థమైనదనుకోవద్దు. అక్కడి న్యాయవాదికి ఇచ్చే ఫీజు వృథా కాదు.

వ్యవసాయదారులు కానివారు భూమి కొనరాదన్న నిబంధనలను కర్ణాటక 2020లో తొలగించినది. దీని వలన మీకు కొనడం సులువైనది. పట్నాల డబ్బు కూడా అదే దారిన వస్తుందని తెలిసికొనండి. రేపు మరింత భూమి కొందామన్న ఆశతో వెళ్ళేవారికి నేటి ధర రేపు ఉండదు.

ఇల్లు, పిల్లలు, ఖర్చు

ఇంటి స్థలం, అద్దె, కూరగాయలు అక్కడ చౌకగా ఉండవచ్చును. ఎరువు, మందుల ధరలు ఎక్కడైనా దాదాపు ఒకటే. పెద్ద జబ్బు చేస్తే రాయచూరుకో బళ్ళారికో పోవలెను. ఇక్కడ తల్లిదండ్రులు ఉంటే రెండు ఇళ్ళ ఖర్చు. పెండ్లికీ, చావుకూ వచ్చిపోయే ఖర్చు ఉండనే ఉన్నది. కొన్ని గ్రామాలలో బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. పొలం మట్టితో పాటు త్రాగే నీటిని కూడా పరీక్ష చేయించండి.

పిల్లల సంగతి తల్లులు ముందుగా ఆలోచించవలెను. 2015 చట్టం ప్రకారం అక్కడి పాఠశాలలలో కన్నడం మొదటి లేక రెండవ భాషగా చదువవలెను. చిన్నపిల్లలు ఆరు నెలలలో నేర్చుకుంటారు. తొమ్మిదవ తరగతి పిల్లవానికి కష్టం. కొప్పళ, రాయచూరు జిల్లాల స్థానికులకు చదువులలో, ఉద్యోగాలలో 371జె అధికరణం క్రింద ప్రత్యేక కేటాయింపు ఉన్నది. నేడు వెళ్ళినంత మాత్రాన అది మీ పిల్లలకు రాదు. మన రాష్ట్రంలో స్థానికత్వాన్ని పిల్లలు చదివిన సంవత్సరాలను బట్టి చూస్తారు గనుక, ఇక్కడిది పోయే ప్రమాదం ఉన్నది. రిజర్వేషను ఉన్నవారికి ఇక్కడి కుల ధ్రువపత్రం వలన ఆ రాష్ట్రంలో ఆ సౌకర్యం రాదు. ఎకరాలు పెరిగి పిల్లలు రెండు చోట్లా పరాయివారైతే ఆ లాభం ఎవరి కొరకు?

ఒక సంవత్సరం ఆగండి

ఇన్ని చెప్పి వెళ్ళవద్దంటున్నానని అనుకోకండి. చేతిలో పని, ఇంట్లో కలసివచ్చే మనుషులు ఉండి, ఇక్కడ ఎకరంతో బ్రతుకు గడవని వారు వెళ్ళడం తప్పు కాదు. మా తాతలు వెళ్ళకపోతే మా అమ్మగారు చదివేవారు కారు, నేను మీ ముందు నిలబడేవాడిని కాను. అయితే ఒక పద్ధతి ప్రకారం వెళ్ళండి.

మొదట ఇక్కడి భూమి అమ్మవద్దు. 2019 సాగుదారు హక్కుల చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందం వ్రాసి కౌలుకివ్వండి. ఆ పత్రం వలన మీ యాజమాన్యానికి భంగం రాదు. మీరు అక్కడ ఒక అద్దె ఇంట్లో ఉండి, జూలైలో కాలువ వదిలిననాటి నుండి మే నెల ఎండ వరకు ఒక సంవత్సరం చూడండి. అక్కడ కౌలు చేద్దామా అంటారేమో. కర్ణాటక భూసంస్కరణల చట్టం సాగుభూమిని కౌలుకివ్వడాన్ని చాలావరకు నిషేధించినది. నోటిమాట కౌళ్ళు నడుస్తున్నవి గాని వాటికి రక్షణ లేదు. కావున అందులో పెద్ద పెట్టుబడి పెట్టకండి. తెలిసినవారి పొలంలో పని చేస్తూ చూడటం మేలు. కాలువ చివరి గ్రామంలో ఒక పూట కూర్చొని, ఎన్నేళ్ళకొకసారి నీరు వస్తుందని స్థానిక రైతులను అడగండి. క్యాంపులోని మనవారిని మాత్రమే అడిగితే సగమే తెలుస్తుంది.

ఆ తరువాత కూడా మనసు నిలిస్తే కొనండి. అప్పుడు కూడా ఇక్కడ అరెకరం ఉంచుకోండి. అమ్మిన డబ్బులో మూడవ వంతు భూమిలో పెట్టకుండా చేతిలో ఉంచుకోండి; రెండు పంటలు పోయినా ఇల్లు గడవవలెను. వరి కొంత, ఆరుతడి కొంత వేయండి. మీ మురుగు నీటికి దారి మీరే చూసికొనండి. పక్కవాని చేలోకి వదలకండి.

చిన్న తాతగారు చనిపోవడానికి ముందు నేను వ్యవసాయ కళాశాలలో చేరిన సంగతి చెప్పడానికి వెళ్ళాను. చేను గట్టున కూర్చొని, ఎదుటి ప్రత్తి చూపించి, "ఈ విత్తనం మొదట నాకిచ్చినవాని కొడుకు పొలం అదిగో. వాని నీటి వంతు ఎన్నడూ నేను ముట్టుకోలేదు" అన్నారు. 14 ఎకరాలు సంపాదించిన విషయం ఆయన చెప్పలేదు.

మీలో ఎవరైనా వెళ్ళదలచిన యెడల, పొలం మట్టి సంచితోనూ పహణి నకలుతోనూ నా వద్దకు రండి. బయానా ఇవ్వకముందే రండి. ఇచ్చిన తరువాత వస్తే నేను చేయగలిగినది తక్కువ.